నాకు ఎనకమొగ్గ నేర్పిందెవరు?

2015 జూన్ 21, ఆదివారం. అంతర్జాతీయ యోగా దినం మొదటిసారి జరుగుతున్న రోజు. సెలవైనా సరే పిల్లల్ని రప్పించమని ఆర్డరు. కడప జిల్లాలో నేను డ్రిల్లు టీచరుగా పనిచేస్తున్న హైస్కూలు మైదానంలో పట్టలు పరిచి, పిల్లల్ని వరసల్లో నిలబెట్టాను. అతిథిగా వచ్చినాయన మైకు పట్టుకొని, ఇదంతా మన ఋషులు లోకానికి పెట్టిన జ్ఞానభిక్ష అని అరగంట చెప్పాడు. ఎండ ముదిరింది. ఆ తర్వాత ఆసనాలు.

చక్రాసనం దగ్గరికి వచ్చేసరికి చాలామంది పిల్లలు వెల్లకిలా పడుకొని నడుం ఎత్తబోయి దబ్బున పడ్డారు. నవ్వుకున్నారు. ఏడో తరగతి పిల్ల ఒకతి మాత్రం పడుకోలేదు. నిలబడే చేతులు రెండూ పైకెత్తింది. వంగి వంగి వెనక నేలకు అరచేతులు ఆనించింది. కాసేపు విల్లులా నిలిచి, కాళ్ళ మీదికి బరువు తెచ్చుకొని మళ్ళీ నిటారుగా లేచింది. అతిథి చప్పట్లు కొట్టాడు. దగ్గరికి పిలిచి, "ఎవరమ్మా నీకు నేర్పింది?" అన్నాడు.

ఆ పిల్ల నా మొహం చూసింది. "మా టీచరమ్మ నేర్పిచ్చింది సార్" అంది.

నేను నేర్పలేదు. ఆ పిల్ల ఊరి చివర దొమ్మరి కాలనీ పిల్ల. వాళ్ళ అవ్వ నేర్పింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నేను నోరు తెరవలేదు. అందరూ నన్ను చూసి చప్పట్లు కొట్టారు. సరిగ్గా నలభై ఏళ్ళ కిందట, 1975లో, నన్నూ ఒకాయన అదే ప్రశ్న అడిగాడు. నేనూ ఇట్లాంటి అబద్ధమే చెప్పాను. ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడైనా చెప్పుకోకపోతే రేపు ఈ పిల్ల మనవరాలూ అదే చెబుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. దొమ్మరి అనేది కులం పేరు. మన భాషలో అది తిట్టు కూడా. ఆడపిల్ల గట్టిగా నవ్వినా, చెట్టెక్కినా, ఎదురు మాట్లాడినా ఆ తిట్టే తిడతారు. మా పేరుతోనూ తిడతారు కాబట్టి ఆ నొప్పి నాకు తెలుసు. ఆ కులంలో చదువుకున్న పిల్లలు పేరు మార్చమని అడుగుతున్నారు. న్యాయమే. కానీ శాసనంలో ఉన్నదీ, పోలీసు కాగితంలో ఉన్నదీ, తిట్టులో ఉన్నదీ ఆ మాటే గనక ఇక్కడ రాయక తప్పడం లేదు.

మాది పెన్న ఒడ్డున ఒక పల్లె. ఊరికీ మా మాదిగపల్లెకూ మధ్య ఒక వంక. వంక ఇవతల చింతచెట్లు. 1972లో పెద్ద కరువు. వానల్లేవు, పనుల్లేవు. సంగటి కూడా ఒక పూటే. ఆ ఏడు దొమ్మరోళ్ళు వచ్చి ఆ చింతచెట్ల కింద దిగినారు. మూడు కుటుంబాలు, రెండు గాడిదలు, ఒక పొడుగాటి వెదురు గడ, పగ్గాలు, ఒక డోలు. ఊరోళ్ళు వాళ్ళను ఊళ్ళోకి రానియ్యరు. మేము మా ఇళ్ళ మధ్యకు రానియ్యలేదు. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో, మేము వాళ్ళను అంత దూరం పెట్టినాం.

మా నాయన తోలు పని చేసేవాడు. వాళ్ళ డోలు ఒక పక్క పగిలితే కొత్త తోలు మూయించుకోడానికి మా ఇంటికి తెచ్చినారు. డోలుతో పాటు నా ఈడు పిల్ల ఒకతి వచ్చింది. నాకప్పుడు పదేళ్ళు. నాయన తోలు నానబెట్టి, సాగదీసి, మూసి, ఆరబెట్టేదానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ ఆ పిల్ల మా వాకిట్లోనే కూచుంది. ఒకసారి నీళ్ళడిగింది. మా జేజి చెంబు ఇయ్యలేదు. దోసిలి పట్టమని పైనుంచి పోసింది. పెద్దోళ్ళ ఇంటి ముందర మా అమ్మ అట్లాగే దోసిలి పట్టడం నేను ఎన్నోసార్లు చూసినాను. మా ఇంటి ముందర ఇంకొకరు దోసిలి పట్టడం అదే చూడటం. నిజం చెప్పాలంటే ఆరోజు నాకు బాధ కలగలేదు. కొంచెం గొప్పగా అనిపించింది. అంబేద్కర్ మెట్లుమెట్లుగా ఉన్న అసమానత గురించి రాసింది చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెంబే.

మా ఇంటి వెనక ఒక మొండిగోడ. ఆ పిల్ల నన్ను ఆ గోడకు వీపు పెట్టి రెండడుగుల ఎడంగా నిలబెట్టింది. చేతులెత్తి వెనక్కి వంగి గోడ పట్టుకోమంది. అరచేతులతో గోడ మీద ఒక్కో జాన కిందికి దిగమంది. నాకు భయమేసింది. "నడుం ఇరిగిపోతాది మ్మే" అన్నాను.

"నడుం వంచాకు. తొడలు ముందుకు తోయ్. రొమ్ము ఇప్పు. నడుం దానంతకది వచ్చాది. ఊపిరి బిగబట్టాకు. నేల యాడుండాదో కండ్లతో ఎతుక్కో" అంది.

మూడో రోజుకు నా చేతులు నేలకు తగిలినాయి. తలకిందులుగా మా నాయన కనపడినాడు, డోలు ముందు కూచొని. దాన్ని వాళ్ళు ఎనకమొగ్గ అనేవాళ్ళు. ముందుకు వేస్తే పిల్లిమొగ్గ, వెనక్కి వేస్తే ఎనకమొగ్గ.

తర్వాత వ్యాయామ విద్య ట్రైనింగులో నేను పుస్తకాల్లో చదివింది ఆ నాలుగు మాటలే. వెన్నుపూసలు మెడలో ఏడు, రొమ్ము వెనక పన్నెండు, నడుంలో ఐదు. పక్కటెముకలు పట్టి ఉంచడం వల్ల రొమ్ము భాగం వెనక్కి ఎక్కువగా వంగదు. మెడ, నడుం తేలిగ్గా వంగుతాయి. అందుకని తెలియనివాళ్ళు బరువంతా నడుంలోని ఐదు పూసల మీదే వేస్తారు. పదేపదే అట్లా చేస్తే పూస వెనక ఉండే సన్నటి ఎముక చీలుతుంది. డాక్టర్లు దాన్ని స్పాండిలోలైసిస్ అంటారు. మామూలు పిల్లల కంటే జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల్లో ఎక్కువగా వచ్చే బాధ అది. అది రాకుండా ఉండాలంటే భుజాలూ, తుంటి కీళ్ళూ ముందు తెరుచుకోవాలి. తొడలు ముందుకు తోయ్, రొమ్ము ఇప్పు అంటే ఇదే గదా! పదేళ్ళ పిల్లకు ఈ సంగతి ఎవరు చెప్పారు? వాళ్ళమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ. ఇదే ఒక పుస్తకంలో ఉంటే శాస్త్రం అంటాం. పుస్తకంలో లేదు కాబట్టి దొమ్మరాట అన్నాం.

నాలుగోనాడు రచ్చకట్ట ముందర ఆట. మేము ఎప్పటిలాగే ఎడంగా, గోడవారన నిలబడినాం. మా నాయన మూసిన డోలు మోగింది. ఆ పిల్ల పగ్గం మీద నడిచింది. వెనక్కి వంగి, నేల మీద పెట్టిన పావలా బిళ్ళను నోటితో తీసింది. వాళ్ళమ్మ గడ ఎక్కి, కొసన కడుపు ఆనించి, గాల్లో గిర్రున తిరుగుతూ ఊరిని దీవించింది. గడ ఎక్కిన ఆడమనిషి దీవిస్తే వానలు పడతాయని మా పక్క నమ్మకం. కరువు గదా, ఆ ఏడు పెద్దోళ్ళు కూడా చేతులెత్తి మొక్కినారు.

మూడు రాత్రులు గడవక ముందే ఊళ్ళో ఒక పెద్దింట్లో వెండి గిన్నెలు పోయినాయన్నారు. ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా చింతచెట్ల కిందికే వచ్చినారు పోలీసులు. మొగోళ్ళను ముగ్గురినీ బయటికి లాగినారు. "తాడు తేరా" అని మా నాయనను కేకేసినారు. నాయన అక్కడే ఉన్న పగ్గం విప్పి తెచ్చి ఇచ్చినాడు. ఆ పిల్ల నడిచిన పగ్గమే అది. తేకపోతే ఏమయ్యేదో నాయనకు తెలుసు. అయినా తెచ్చింది నాయనే. ఆ పిల్ల మా నాయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఏడవలేదు.

వారానికి ఆ గిన్నెలు ఆ ఇంట్లోనే గాదె వెనక దొరికినాయి. స్టేషనుకు పోయి ఆ సంగతి చెప్పిన మనిషి మా ఊళ్ళో లేడు, మా పల్లెలోనూ లేడు. అప్పటికే చింతచెట్ల కింద ఎవరూ లేరు. మూడు జతల పొయ్యిరాళ్ళు ఉన్నాయి. మా జేజి వాటి మీద కూడా నీళ్ళు చల్లింది.

1975లో నేను హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆటల పోటీలకు పిల్లల్ని ఎంచుతూ డ్రిల్లు సారు ఏమొచ్చునో చేసి చూపమన్నాడు. నేను ఎనకమొగ్గ వేసినాను. సారు నోరు తెరిచినాడు. తర్వాత నవ్వి, "ఎవరు నేర్పినారే? దొమ్మరోళ్ళ వెంట తిరిగినావా యేంది?" అన్నాడు. పిల్లలంతా నవ్వినారు.

లైబ్రరీలో సోవియట్ భూమి పత్రిక ఉండేది. దాంట్లో ఓల్గా కోర్బుత్ బొమ్మ చూసి ఉన్నాను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సన్నటి దూలం మీద వెనక్కి పల్టీ కొట్టి లోకాన్ని నివ్వెరపరిచిన పిల్ల. "లేదు సార్, సోవియట్ భూమిలో బొమ్మ చూసి నేర్చుకున్నా" అన్నాను.

సారు పొంగిపోయినాడు. పోటీలకు పోయిన చోటల్లా "మా పిల్ల రష్యా అమ్మాయిని చూసి నేర్చుకుంది" అని చెప్పినాడు. కప్పు ఇచ్చినారు, సర్టిఫికెట్టు ఇచ్చినారు. ఆ సర్టిఫికెట్ల మీదనే నాకు ట్రైనింగు సీటు వచ్చింది. ట్రైనింగు మీద ఉద్యోగం వచ్చింది. మా ఇంటికి పైకప్పు వచ్చింది. మా మూడు రోజుల స్నేహం నాకు జీవితాంతం కూడు పెట్టింది.

ఎందుకు అబద్ధం చెప్పాను? సిగ్గు ఒకటి. మాదిగపిల్లననే పేరు చాలదా, దాని మీద దొమ్మరి పేరు కూడానా అనుకున్నాను. సిగ్గు కంటే పెద్దది భయం. దొమ్మరి అన్న మాట వింటే నా కళ్ళకు పగ్గం కనపడేది. ఆ పగ్గం ఎక్కడిది? మా ఊరి పోలీసు ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. అది తెలియాలంటే చరిత్రలోకి పోవాలి.

1985లో కారంచేడు తర్వాత నేను దళిత మహాసభ మీటింగులకు పోవడం మొదలుపెట్టాను. 1994లో దండోరా వచ్చాక మాదిగనని తలెత్తి చెప్పుకున్నాను. మా డప్పు గురించి గర్వంగా మాట్లాడాను. చదవడం కూడా అప్పుడే అలవాటైంది. అట్లా చదువుతూ పోతుంటే వెనక్కి వంగే ఒళ్ళు పాత పుస్తకాల్లో ప్రతిచోటా కనపడింది. ఆ వంగిన మనిషిని ఏం చేశారో కూడా కనపడింది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నటులు, నర్తకులతో పాటు పగ్గాల మీద ఆడేవాళ్ళూ, గంతులేసేవాళ్ళూ ఉన్నారు. బయటినుంచి వచ్చి ఆట ఆడే బృందం రాజుకు ఐదు పణాలు కట్టాలని అందులో రాశారు. పల్లెల్లో పనులకు అడ్డం రాకుండా వాళ్ళను అదుపులో పెట్టమనీ రాశారు. మనుస్మృతి నటుడి చేతి తిండి తినకూడదంది. మా జేజి చెంబు అక్కణ్ణుంచే వచ్చిందని అప్పుడు అర్థమైంది. మా జేజికి మనువు ఎవరో తెలియదు. అయినా ఆమె చేయి అతని మాట విన్నది.

నాట్యశాస్త్రంలో 108 కరణాలున్నాయి. వాటిలో వృశ్చికం పేరుతో కొన్ని ఉన్నాయి. తేలు కొండి ఎత్తినట్టు కాలు వెనకనుంచి పైకి లేస్తుంది, వీపు వంగుతుంది. చిదంబరం గుడి గోపురాల మీద ఆ కరణాలన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. అదే నాట్యశాస్త్రం చివరి అధ్యాయంలో ఒక కథ ఉంది. భరతుడి కొడుకులు ఆటలో ఋషులను వెక్కిరించారట. ఋషులు కోపగించి శూద్రులైపొమ్మని శపించారట. శాపం కథ ఎందుకు కావలసి వచ్చింది? ఆ ఆట ఆడేవాళ్ళు అప్పటికే కింద ఉన్నారు కాబట్టి. ఆటను వేదమంత గొప్పదనాలి, ఆడేవాడిని కిందనే ఉంచాలి. ఈ రెండూ పొసగాలంటే ఒక శాపం అవసరమైంది.

మన తెలుగునేల మీదికి వస్తే, కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 నాటికి నృత్తరత్నావళి రాశాడు. అందులో సగం మార్గం, సగం దేశి. దేశి అంటే జనంలో పుట్టింది. ఎగిరి, గాల్లో తిరిగి, వంగి దూకే కరణాలు ఆ దేశి భాగంలో ఉన్నాయి. జాయప వాటిని చూసి రాసుకున్నాడు. ఎవరు చేస్తే చూశాడో వాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనంలో ఆటలాడేవాళ్ళ వరుస చెబుతూ గడల మీద ఆడేవాళ్ళను కూడా చేర్చాడు. విజయనగర కాలపు శాసనాల్లో దొమ్మరి పన్ను పేరు కనపడుతుంది. అంటే రాజ్యానికి వాళ్ళు తెలుసు. వాళ్ళ ఆట మీద వచ్చే డబ్బూ తెలుసు.

తర్వాత తెల్లవాళ్ళు వచ్చారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల గురించి ఏడు సంపుటాలు అచ్చేశాడు. దొమ్మర్లు మొగ్గలేసి బతికేవాళ్ళని, కొందరు స్థిరపడి వ్యవసాయ కూలీ చేస్తారని, కొందరు చెక్క దువ్వెనలు చేస్తారని అందులో ఉంది. రెండేళ్ళు తిరగక ముందే, 1911లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఉత్తరాదిలో 1871 నుంచే ఉన్న చట్టం అది. పుట్టుకతోనే కొన్ని కులాలు నేరస్థ కులాలని ప్రకటించి, వేలిముద్రలు తీసుకొని, హాజరు వేయించుకొని, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్నారు. యెరుకలవాళ్ళతో పాటు దొమ్మర్లూ ఆ జాబితాకెక్కారు. ఊరూరా తిరిగితేనే కూడు దొరికే మనిషికి ఊరు దాటడమే నేరమైంది. ఆట ఆగితే ఆకలి, ఆట ఆడితే జైలు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఇరవై ఏళ్ళ తర్వాత మా చింతచెట్ల కిందికి వచ్చిన పోలీసుకు అది రద్దయినట్టు ఎవరూ చెప్పినట్టు లేదు. మా నాయనకూ చెప్పలేదు.

ఇక యోగా. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. యోగాను దొమ్మర్ల దగ్గరే దొంగిలించారని నేను అనను. అట్లా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆధారం లేకుండా నింద వేయడం ఎట్లా ఉంటుందో చింతచెట్ల కింద చూసినదాన్ని. కానీ వేల ఏళ్ళ నుంచి ఋషులు ఇట్లాగే వంగారని మైకులో చెప్పినదానికి కూడా ఆధారం కావాలి గదా? పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నది కొంచెమే. కదలకుండా, సుఖంగా కూర్చోమని సారాంశం. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో చెప్పినవి పదిహేను ఆసనాలు, వాటిలో చాలావరకు కూర్చునేవే. ఆ తర్వాతి ఘేరండ సంహితలో ముప్పై రెండు. భుజంగాసనం, ఉష్ట్రాసనం అక్కడ కనపడతాయి. పందొమ్మిదో శతాబ్దంలో మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు రాయించిన శ్రీతత్త్వనిధిలో బొమ్మలతో సహా 122 ఆసనాలున్నాయి. పగ్గం పట్టుకొని చేసేవి కూడా వాటిలో ఉన్నాయి. 1933లో అదే మైసూరు రాజుల జగన్మోహన ప్యాలెస్‌లో కృష్ణమాచార్య యోగశాల నడిపాడు. ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకంతో వెనక్కి వంగే ఆసనాలు ప్రపంచమంతా తెలిశాయి. మైసూరు ఆసనాల్లో కుస్తీ తాలింఖానాల కసరత్తు కలిసిందని సోమన్ అనే పరిశోధకుడు 1996లోనూ, యూరప్ జిమ్నాస్టిక్స్ ప్రభావం ఉందని మార్క్ సింగిల్టన్ 2010లోనూ రాశారు. అంటే ఈ వంపులోకి ఎన్నో దారులు వచ్చి కలిశాయి. ఒక్క దారికే ఋషి పేరు పెట్టి మిగతా దారులు మూసేయడం మీదనే నా పోట్లాట.

నాట్యంలోనూ అంతే. ఒరిస్సాలో గోటిపువా పిల్లలు ఒళ్ళు విల్లులా వంచి బంధ నృత్యం చేస్తారు. రఘురాజపురంలో గోటిపువాగా పెరిగిన కేలుచరణ్ మహాపాత్రే తర్వాత ఒడిస్సీకి పెద్ద గురువయ్యాడు. కానీ ఒడిస్సీ పెద్ద స్టేజీ ఎక్కేటప్పుడు ఆ బంధాలు చాలావరకు కింద ఉండిపోయాయి. మద్రాసులో 1935లో రుక్మిణీదేవి స్టేజీ ఎక్కింది, మరుసటి ఏడు కళాక్షేత్రం పెట్టింది. 1947లో దేవదాసీల చట్టం వచ్చింది. గుళ్ళో ఆడపిల్లను ముడిపెట్టే ఆచారం పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. మా కులాల ఆడపిల్లలు బసివిలుగా, మాతంగులుగా ఎంత నలిగారో నాకు తెలుసు. నేనడిగేది ఒకటే. ఆట శుద్ధి అయి మేడలెక్కింది, ఆడినవాళ్ళ బతుకు ఎందుకు శుద్ధి కాలేదు?

జిమ్నాస్టిక్స్ పుట్టింది పేదవాళ్ళ ఇళ్ళలో కాదు. 1811లో జర్మనీలో యాన్ సిపాయిలను తయారు చేసేందుకు మైదానం తెరిచాడు. 1813లో స్వీడన్‌లో లింగ్ వ్యాయామ సంస్థ పెట్టాడు. అక్కడ కూడా సంతల్లో మొగ్గలేసే పేదలు వేరు, సర్కారు మైదానంలో కసరత్తు చేసేవాళ్ళు వేరు. కానీ అక్కడ ఆ కసరత్తు బడిలోకి వచ్చింది, పిల్లలందరికీ వచ్చింది. 1976లో మాంట్రియల్‌లో పద్నాలుగేళ్ళ నాదియా కొమనెచి పదికి పది తెచ్చుకుంది. తర్వాత పసిపిల్లల ఒళ్ళు పాడవుతోందనే మాట లేచి, కనీస వయసు 1981లో పదిహేనుకు, 1997లో పదహారుకు పెంచారు. కేరళ తలశ్శేరి పక్కన 1901లో కీలేరి కుంహికణ్ణన్ సర్కస్ బడి పెట్టాడు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు దేశమంతా తిరిగారు. ఒక విద్యకు బడి పెడితే ఏమవుతుందో దీంతో తెలుస్తుంది. మన దొమ్మర్లకు అట్లాంటి బడి ఎవరూ పెట్టలేదు. వాళ్ళ కోసం పెట్టింది హాజరు పుస్తకం ఒక్కటే.

పాత ఆటను మళ్ళీ తేవాలని నేను అనడం లేదు. ఎర్రటి ఎండలో పసిపిల్ల ఆకలితో పగ్గమెక్కడం కళ అని నేను చప్పట్లు కొట్టను. 2011లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సర్కస్‌లో పిల్లల్ని పెట్టుకోవడం నిషేధించారు. మంచిదే. కానీ ఆట మానిపించినవాళ్ళు ఆ పిల్లల కొత్త కూడు సంగతి చూడలేదు. మా జిల్లాలో ఆ ఆడవాళ్ళు కొందరు పిన్నీసులు, దువ్వెనలు గంపలో పెట్టుకొని బస్టాండుల్లో తిరుగుతున్నారు. కొందరిని వేరే బతుకులోకి నెట్టారు. ఆ బతుకు పేరే మళ్ళీ తిట్టయి కూచుంది.

విద్యార్థి మిత్రులారా, కార్యకర్తలారా, మీకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. దొమ్మర్లు మన రాష్ట్రంలో ఎస్సీలు కారు. బీసీ ఏ గ్రూపులో ఉన్నారు. 1989 అట్రాసిటీ చట్టం వాళ్ళకు పనిచేయదు. వాళ్ళను కులం పేరుతో తిట్టినా, దొంగతనం అంటగట్టినా ఆ చట్టం కింద కేసు పెట్టలేరు. సంచార జాతుల మీద వేసిన రెన్కే కమిషన్ 2008లో రిపోర్టు ఇచ్చింది. మన మీటింగుల్లో ఆ రిపోర్టు గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? నేను ఇన్నేళ్ళు మీటింగులకు తిరిగాను. మా నాయన డోలు మూసిన సంగతి ఎన్నో సభల్లో చెప్పాను. పగ్గం తెచ్చిన సంగతి ఒక్క సభలోనూ చెప్పలేదు. మన మీద జరిగింది చెప్పుకోవడం నేర్చుకున్నాం. మన చేతుల మీదుగా జరిగింది కూడా చెప్పుకున్నప్పుడే మనం రాసేది చరిత్ర అవుతుంది.

యోగా దినం మరుసటి సాయంత్రం నేను ఆ కాలనీకి పోయాను. అవ్వ వాకిట్లో దువ్వెనలకు నూనె పూస్తోంది. నా చిన్ననాటి పిల్ల కాదు, వేరే ఊరామె. నడుం పూర్తిగా లేవడం లేదు. మనవరాలు బడిలో చెప్పిన మాట చెప్పి, ఎందుకట్లా చెప్పింది అని అడిగాను.

"మేమే అట్ల చెప్పమన్యాం తల్లీ. మా పేరు చెప్తే పక్కన కూచున్న పిల్లోల్లు లేచిపోతారు. యాడన్నా పెన్ను పోతే దీని సంచే ఎతుకుతారు" అంది.

నేను కూచున్నాను. 1972 నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పగ్గం సంగతి కూడా చెప్పాను. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. నేను నీళ్ళడిగాను. చెంబుతో ఇచ్చింది. తాగినాను. అప్పుడు అడిగింది: "ఆ పిల్ల నీకు సరింగనే నేర్పిందా? తొడలు ముందుకు తొయ్యమన్యాదా?"

"అన్యాదవ్వా" అన్నాను.

ఆ తర్వాత ఏడాది యోగా దినానికి అవ్వను పిలుస్తానని బడిలో అడిగాను. ఎందుకొచ్చిన గొడవమ్మా అన్నారు. ఒప్పుకోలేదు. పైకి పంపే కాగితంలో శిక్షణ ఇచ్చినవారు అని ఒక గడి ఉంటుంది. ఆ పిల్ల పేరు ఎదురుగా, ముందు ఆమెను అడిగి, వాళ్ళ అవ్వ పేరు రాశాను. ఆ కాగితాన్ని ఎవరన్నా చదివారో లేదో తెలియదు. ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆ పిల్ల కాలేజీకి పోయింది.

నా గురువు పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయడం లేదు. వాళ్ళ పేర్లు వాళ్ళను అడక్కుండా రాసుకున్నవాళ్ళు ఇప్పటికే చాలామంది. 1975లో భయపడి దాచాను. ఈరోజు దాచేది అందుకు కాదు. ఆమె ఎక్కడున్నా బతికుంటే నా ఈడుదే. కనపడితే ముందు ఆమెను అడుగుతాను. సరేనంటే అప్పుడు రాస్తాను. ఆమె కులం మాత్రం రాస్తున్నాను. నాకు ఎనకమొగ్గ నేర్పింది దొమ్మరి పిల్ల. సోవియట్ భూమి కాదు.